నేల టైల్ కదపకుండా కొత్త స్కర్టింగ్: గోడ పక్కన ఆ సందును ఏం చేయాలి?

ప్రశ్న: మాది కాకినాడ. మా మామయ్యగారు 2009లో కట్టించిన ఇల్లు, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటున్నాం. హాలు 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. నేలకి లేత క్రీమ్ రంగు విట్రిఫైడ్ టైల్స్, రెండడుగులవి. నేల ఇప్పటికీ బాగానే ఉంది. స్కర్టింగ్ మాత్రం చాలాచోట్ల పగిలింది. సోఫా వెనక రెండు ముక్కలు వాటంతటవే ఊడి పడ్డాయి. ఎలాగూ రంగులు వేయిస్తున్నాం కదా అని ఒక గోడ వెంట స్కర్టింగ్ మొత్తం తీయించాం. చూస్తే గోడకీ నేల టైల్‌కీ మధ్య చిటికెన వేలు పట్టేంత సందు ఉంది. తాపీ మేస్త్రీ ఆ సందంతా సిమెంటు మాలుతో గట్టిగా నింపేసి పైన కొత్త టైల్ ముక్కలు అంటిస్తానంటున్నాడు. వడ్రంగి ఎండీఎఫ్ స్కర్టింగ్ వేస్తే అందంగా ఉంటుందంటున్నాడు. మా వారు గోడకి సమంగా, బయటికి పొడుచుకు రాకుండా ఉండే స్కర్టింగ్ కావాలంటున్నారు. పాత టైల్ ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు. నేల టైల్ ఒక్కటి కూడా పగలడానికి వీల్లేదని మామయ్యగారి మాట. ఇంకొక సంగతి, బాత్రూమ్ వైపు గోడకి కింద ఒక అడుగు మేర రంగు పెచ్చులు ఊడుతోంది. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. దయచేసి వివరంగా చెప్పండి.

సమాధానం: అమ్మా, ముందు మీ టెన్షన్ తగ్గించే మాట చెబుతాను. మీకు కనిపించిన ఆ సందు లోపం కాదు. 2009లో నేల వేసిన మేస్త్రీ టైల్‌ని గోడకి ఆనించకుండా ఖాళీ వదిలాడు. తెలిసి వదిలినా, ముక్క కోయడంలో కొలత తగ్గి వదిలినా, ఇన్నేళ్లుగా మీ నేల చెక్కుచెదరకపోవడంలో ఆ ఖాళీ పాత్ర చాలా ఉంది. దాన్ని సిమెంటుతో నింపనివ్వకండి. మీ ఉత్తరంలోని ప్రశ్నలన్నిటిలోకీ ముఖ్యమైనది ఇదే. మేస్త్రీ రేపే పని మొదలుపెడుతున్నా సరే, ఈ ఒక్క మాట ముందు ఆయనకి చెప్పండి.

ఎందుకో చెబుతాను. టైల్ వేడికి సాగుతుంది, చల్లబడితే కుదించుకుంటుంది. విట్రిఫైడ్ టైల్ ఒక డిగ్రీ వేడెక్కితే మీటరు పొడవుకి సుమారు 7 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సాగుతుంది. మీ హాలు పొడవు 6 మీటర్ల పైమాట. జనవరి తెల్లవారుజాముకీ మే మధ్యాహ్నానికీ నేల వేడిలో 20 డిగ్రీల తేడా ఉందనుకుంటే, నేల మొత్తం మీద వచ్చే సాగు ఒక మిల్లీమీటరుకి కాస్త తక్కువ. ఇంతేనా అనిపించవచ్చు. కానీ రెండు వైపులా సిమెంటు బిగించి ఉంటే ఆ మిల్లీమీటరుకి పోయే దారి ఉండదు. గోడ కదలదు కాబట్టి నేల మధ్యలో ఎక్కడ పట్టు తక్కువగా ఉంటే అక్కడ టైల్స్ పైకి లేస్తాయి. ఎండాకాలంలో పెద్ద శబ్దంతో టైల్స్ పేలాయి, గుడారంలా లేచాయి అని వింటుంటాం కదా, అక్కడ ఎక్కువసార్లు కనిపించే కారణం గోడల పక్కన ఖాళీ లేకపోవడమే. దీనికి తోడు కొత్త ఇంట్లో కాంక్రీటు శ్లాబు ఆరుతూ కొన్నేళ్లపాటు కుదించుకుంటుంది, పైనున్న టైల్ కుదించుకోదు. మీ ఇంట్లో ఆ దశ దాటిపోయింది. వేడి సాగు మాత్రం ఏటా ఉంటుంది.

అంటే స్కర్టింగ్ పని ఆ ఖాళీని కప్పడమే, పూడ్చడం కాదు. గోడకి అంటుకుని, నేల టైల్ అంచు మీదుగా కొద్దిగా ముందుకు వచ్చి, నేలని మాత్రం పట్టుకోకుండా ఉండాలి. పాత స్కర్టింగ్ పగలడానికి కూడా ఇదే ఒక కారణం అయి ఉండవచ్చు. స్కర్టింగ్‌కీ నేలకీ మధ్య సిమెంటుతో జాయింటు పూడ్చేస్తే రెండూ ఒకదాన్నొకటి లాగుతూ ఉంటాయి. రెండో కారణం అంటించిన పద్ధతి. విట్రిఫైడ్ టైల్ నీరు దాదాపు పీల్చదు, దాని బరువులో అర శాతం కూడా తీసుకోదు. మామూలు సిమెంటు పాలు గట్టిగా పట్టాలంటే అవి టైల్ వెనక్కి కొంత ఇంకాలి. ఇంకడానికి చోటు లేకపోతే కొన్నాళ్లకి పొరలా విడిపోతాయి. ఊడి పడ్డ ఆ రెండు ముక్కల వెనక భాగం తిప్పి చూడండి. శుభ్రంగా, సిమెంటు అంటకుండా ఉంటే కారణం అదే.

ఇక ఏ రకం వేయాలి అన్నది. ఎండీఎఫ్ వద్దు. వడ్రంగి చెప్పినట్టు చూడటానికి బాగుంటుంది, అందులో అబద్ధం లేదు. కానీ అది చెక్కపొడిని జిగురుతో నొక్కి చేసిన పలక. మన ఇళ్లలో రోజూ తడిగుడ్డ పెడతాం, పండగొస్తే బకెట్లతో నీళ్లు పోసి కడుగుతాం. నీరు తగిలిన ఎండీఎఫ్ అడుగు అంచు ఉబ్బుతుంది, ఉబ్బింది మళ్లీ లోపలికి పోదు. మీ ఊరి గాలిలో తేమ సంగతి మీకు తెలిసిందే, గ్రౌండ్ ఫ్లోర్ కాబట్టి చెదల భయం కూడా ఉంది. కార్పెట్లు పరిచి, వాక్యూమ్‌తో శుభ్రం చేసుకునే ఇళ్లకి సరిపోయే వస్తువు అది. పీవీసీ, డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసినవి) పట్టీలు నీటికీ చెదలకీ తట్టుకుంటాయి. మేకులు, జిగురుతో ఒక్కరోజులో పని అయిపోతుంది. అయితే అవి తిన్నగా ఉంటాయి, మన గోడలు తిన్నగా ఉండవు. వంపు ఉన్నచోట వెనక సందు పడి బొద్దింకలకి నివాసమవుతుంది. గోడల ప్లాస్టరింగ్ నునుపుగా, సమంగా ఉన్న కొత్త ఫ్లాట్లలో వాటిని తప్పు పట్టను.

మీ ఇంటికి నా ఓటు గ్రానైట్ పట్టీకి. కారణం రంగూ హోదా కాదు, మందం. టైల్ ముక్క 8 నుంచి 10 మిల్లీమీటర్లే ఉంటుంది, అంటించే గమ్‌తో కలిపినా 13 దాటదు. మీ సందు చిటికెన వేలు పట్టేంత అంటే అటూ ఇటూగా 12 మిల్లీమీటర్లు. టైల్ స్కర్టింగ్ వేస్తే సందు అంచు దగ్గరే ఆగిపోతుంది, ఒక్కో చోట కింద నల్లటి గీతలా కనిపిస్తుంది. మీ మేస్త్రీ సందు నింపుతానంటున్నది బహుశా అందుకే. గ్రానైట్ సాధారణంగా 16 నుంచి 18 మిల్లీమీటర్లు ఉంటుంది, గమ్‌తో కలిపి 20 దాకా వస్తుంది. సందుని పూర్తిగా కప్పి నేల టైల్ మీదికి మరో 7, 8 మిల్లీమీటర్లు వస్తుంది. సమస్య అక్కడితో తీరిపోతుంది.

అదే టైల్ కోసం ఇంక వెతకొద్దు. గుజరాత్‌లోని మోర్బీలో తయారయ్యే టైల్స్ డిజైన్లు కొద్ది కాలానికే మారిపోతాయి. ఒకే డిజైన్ దొరికినా బ్యాచ్ మారితే రంగు ఛాయ మారుతుంది. దాదాపు అలాంటిదే దొరికిందని క్రీమ్ పక్కన ఇంకో క్రీమ్ వేస్తే, పాతది మాసిపోయినట్టు కనిపిస్తుంది. అంతకంటే స్పష్టంగా వేరే రంగు ఎంచుకోవడం మేలు. మన దగ్గరే ప్రకాశం జిల్లా చీమకుర్తిలో బ్లాక్ గెలాక్సీ ఉంది, కరీంనగర్ వైపు టాన్ బ్రౌన్ ఉంది. నలుపు అందంగా ఉంటుంది గానీ దుమ్మూ ఉప్పునీటి మరకలూ నలుపు మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, రోజూ తుడవాలి. మీ ద్వారబంధాలు టేకు రంగులో ఉంటే టాన్ బ్రౌన్ వాటితో కలిసిపోతుంది, మరకలు కూడా తెలియనివ్వదు. తెల్లటి, లేత రంగు గ్రానైట్ వద్దు. వెనక ఉన్న సిమెంటు తడి లోపలికి ఇంకి పైన నీడలా తేలే ప్రమాదం ఉంది.

లెక్క కూడా వేసి ఇస్తాను. మీ హాలు చుట్టుకొలత 64 అడుగులు. తలుపులు, వంటింటి దారి కలిపి 13 అడుగులు పోతాయనుకుంటే మిగిలేది 51. విరుగుళ్లకి పదో వంతు కలిపి 56 అడుగులు తీసుకోండి. నాలుగంగుళాల ఎత్తు అంటే అడుగులో మూడో వంతు, కాబట్టి 19 చదరపు అడుగుల రాయి సరిపోతుంది. ఇంత తక్కువకి పెద్ద పలక కొనక్కర్లేదు. గ్రానైట్ యార్డుల్లో కిచెన్ ప్లాట్‌ఫారాలు కోయగా మిగిలిన పొడుగు ముక్కలు ఉంటాయి. మందం సమానంగా ఉందో లేదో చూసుకుని, నాలుగంగుళాలకి కోయించి, పైఅంచు పాలిష్ పట్టించి తెచ్చుకోండి. ఆ పాలిష్ మాత్రం మర్చిపోవద్దు. స్కర్టింగ్‌లో చెయ్యీ చీపురూ తగిలేది ఆ అంచుకే.

మీ వారు అడిగిన గోడకి సమంగా ఉండే పద్ధతి గురించి. అది చెడ్డదేమీ కాదు, పైన దుమ్ము నిలవదు, బీరువా గోడకి ఆనుతుంది. కానీ అలా చేయాలంటే గోడ ప్లాస్టరింగ్‌ని నాలుగంగుళాల ఎత్తు మేర ఇటుక కనిపించేదాకా చెక్కి పట్టీని లోపలికి కూర్చోబెట్టాలి. అప్పుడు పట్టీ ముఖం గోడతో సమానం అవుతుంది, మీ 12 మిల్లీమీటర్ల సందు బయటే ఉండిపోతుంది. మళ్లీ సిమెంటుతో నింపాల్సిన పరిస్థితి వస్తుంది. నేల కూడా కొత్తగా వేసే ఇంట్లో మొదటి నుంచీ కొలత చూసుకుని చేయించుకోవాల్సిన పని అది. మీ ఇంట్లో నేల ఉంచేస్తున్నారు కాబట్టి పట్టీ బయటికి రావాల్సిందే. పైఅంచుని కొద్దిగా ఏటవాలుగా, గుండ్రంగా పాలిష్ పట్టిస్తే మోటుగా కనిపించదు. దయచేసి ఈ కారణం ఆయనకి చెప్పండి, అందం గురించి వాదన రాదు.

మామయ్యగారి మాట నిలబెట్టడం కష్టం కాదు, మిగతా గోడల స్కర్టింగ్ తీసేటప్పుడు జాగ్రత్త ఉంటే చాలు. నేల టైల్స్ పగిలేది ఎక్కువగా అప్పుడే. పని మొదలుపెట్టేముందు గోడల వెంట ఉన్న నేల టైల్స్‌ని చెక్క పిడితో తట్టి చూడండి. డొల్లగా మోగినవాటి మీద టేపు అంటించి గుర్తు పెట్టండి, అక్కడ సుత్తి దెబ్బ పడకూడదు. హాలంతా ప్లాస్టిక్ షీటు వేసి పైన పీవోపీ పోయడం రంగుల వాళ్లకి అలవాటే. గోడ పక్కన రెండడుగుల మేర మాత్రం దాని మీద ప్లైవుడ్ ముక్కలు కూడా పరిపించండి. ఆ తర్వాత స్కర్టింగ్‌కీ నేలకీ మధ్య జాయింటులో ఉన్న సిమెంటుని సన్నటి రంపం బ్లేడుతోనో గ్రౌట్ (టైల్స్ జాయింట్లలో నింపే పూత) తీసే పనిముట్టుతోనో గీకి రెండిటినీ విడదీయాలి. ఈ మెట్టు దాటేసి శానం పెట్టి కొడితే దెబ్బ నేరుగా నేల టైల్ అంచుకి పోతుంది. విడదీశాక శానాన్ని పైనుంచి, గోడకీ స్కర్టింగ్‌కీ మధ్య పెట్టి, ముక్కని గోడ నుంచి ముందుకి లాగినట్టు తీయాలి. కిందికి కొట్టకూడదు. తలుపు పక్కన చివరి ముక్కతో మొదలుపెడితే మిగతావి ఒక్కొక్కటీ పక్కనుంచి వదులవుతాయి.

తీశాక గోడ అడుగంతా సన్నటి హ్యాక్సా బ్లేడు సందులో పెట్టి నడిపించండి. ఎక్కడైనా బ్లేడు ఆగితే అక్కడ టైల్ గోడకి ఆనుకుందనో, పాత మాలు గడ్డకట్టి ఉందనో అర్థం. గడ్డలు గీకి తీయించండి. టైల్ ఆనుకున్నచోట టైల్ కోయొద్దు, గోడ ప్లాస్టరింగ్ అడుగు అంచునే నాలుగైదు మిల్లీమీటర్లు గీకిస్తే చాలు. తర్వాత సందంతా వాక్యూమ్‌తో శుభ్రం చేయాలి. ఇటుక పొడి, మాలు పెళ్లలు అందులో ఉండిపోతే అదీ సిమెంటు నింపినట్టే. శుభ్రం అయ్యాక ఫోమ్ తాడు ఒకటి దొరుకుతుంది, సీలెంట్ (సందులు మూసే పేస్టు) అమ్మే హార్డ్‌వేర్ షాపుల్లో బ్యాకర్ రాడ్ అని అడగండి. సందుకంటే కాస్త లావుది తెచ్చి లోపలికి నొక్కండి. అది మెత్తగా ఉంటుంది కాబట్టి టైల్ కదలికని ఆపదు, స్కర్టింగ్ అంటించేటప్పుడు గమ్ సందులోకి జారిపోకుండా అడ్డుకుంటుంది, పురుగుల దారి కూడా మూస్తుంది. మేస్త్రీకి సందు ఖాళీగా వదలడం మనసొప్పకపోతే ఈ ఫోమ్ తాడు చూపించండి. ఆయనకి కావలసింది ఏదో ఒకటి నింపడమైతే, నింపదగినది ఇదే. ఎక్కడైనా సందు 18 మిల్లీమీటర్లు దాటితే, అక్కడ గమ్ మందంగా పెట్టి రాయిని ముందుకి తేవొద్దు. గోడకే అరడుగు ఎత్తున ఒక పొర ప్లాస్టరింగ్ చేయించి, వారం రోజులు తడిపి, ఆరాక పట్టీ వేయించండి.

గోడ మీద పట్టీ కూర్చునే చోట లప్పం, రంగు, పాత సున్నం ఏమీ మిగలకూడదు. ఎంత మంచి గమ్ వాడినా అది లప్పానికి అంటుకుంటే లప్పంతో సహా ఊడి వస్తుంది. ఐదంగుళాల ఎత్తున పెన్సిల్ గీత గీసి, దాని కింద సిమెంటు ప్లాస్టరింగ్ కనిపించేదాకా గీకించి, తడిగుడ్డతో దుమ్ము తుడిపించండి. ప్లాస్టరింగే తట్టినప్పుడు డొల్లగా మోగితే అదీ తీసి కొత్తది వేయాలి. గ్రైండర్ పెట్టేముందు స్విచ్ బోర్డుల కిందా బాత్రూమ్ గోడలోనూ వైర్లు, పైపులు ఎటు పోయాయో మామయ్యగారిని అడగండి. ఇల్లు దగ్గరుండి కట్టించినవారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

అంటించడానికి సిమెంటు పాలు కాకుండా టైల్ అడ్హెసివ్ బస్తా తెప్పించండి. బస్తా మీద ఐఎస్ 15477 (టైల్ అడ్హెసివ్‌కి భారతీయ ప్రమాణం) అని, టైప్ 2 లేదా అంతకంటే పై రకం అని ఉండాలి. బస్తా మీద రాసినంత నీళ్లే కలపాలి. కలిపాక ఐదు నిమిషాలు ఆగి మళ్లీ కలిపి వాడాలి, గట్టిపడ్డాక నీళ్లు పోసి మెత్తబరచకూడదు. రాయి వెనక పొడి, బురద ఉంటే కడిగి ఆరబెట్టాలి. గమ్‌ని పళ్లున్న తాపీతో గోడ మీద గీరాలి, రాయి వెనక కూడా పల్చగా ఒక పొర రుద్దాలి. నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి నొక్కేయడం చాలామందికి అలవాటు. ముద్దల మధ్య డొల్ల ఉండిపోయి కుర్చీ కాలు తగలగానే అక్కడే విరుగుతుంది. నాలుగంగుళాల గ్రానైట్ పట్టీ అడుగుకి దాదాపు కిలోన్నర బరువు ఉంటుంది కాబట్టి వెనకంతా గమ్ పట్టి ఉండాలి.

అంటించేటప్పుడు పట్టీ కింద 2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ స్పేసర్లు పెట్టి దాని మీద నిలబెట్టాలి. గమ్ గట్టిపడ్డాక, మర్నాడు, స్పేసర్లు లాగేయాలి. మర్చిపోతే ఆ స్పేసర్లే నేలనీ స్కర్టింగ్‌నీ కలిపి పట్టుకుంటాయి.

మట్టం దగ్గర కాస్త ఆలోచించాలి. పాత నేల ఎప్పుడూ ఖచ్చితమైన మట్టంలో ఉండదు, బాల్కనీ వైపో వాకిలి వైపో వాలు ఉంటుంది. మేస్త్రీ రసమట్టం పెట్టి పైఅంచు గీత తిన్నగా తీసుకుపోతే, 20 అడుగుల గోడ ఆ చివరకి వచ్చేసరికి కింద వేలు దూరేంత ఖాళీ రావచ్చు. మనిషి కన్ను పైఅంచు వాలుని త్వరగా పట్టదు, నేల దగ్గర పెరుగుతూ పోయే సందుని వెంటనే పడుతుంది. అందుకని పట్టీ నేలని అనుసరించి పోవాలి. మధ్యలో ఒకటి రెండు చోట్ల టైల్ పల్లంగా ఉండి కింద సందు 2కి బదులు 4 మిల్లీమీటర్లు వస్తే ఫర్వాలేదు, సీలెంట్ సర్దుకుంటుంది. అంతకంటే ఎక్కువైతే ఆ ఒక్క ముక్కనీ కొంచెం ఎత్తు ఎక్కువ పెట్టి కోయించి, అడుగు అంచుని నేల వంపుకి తగ్గట్టు అరగదీయించాలి. పైఅంచు మాత్రం పక్క ముక్కతో కలవాలి. వేలితో నిమిరితే మెట్టు తగలకూడదు.

జాయింట్ల గురించి ఎవరూ ముందుగా చెప్పరు, అయ్యాక మాత్రం ప్రతి ఒక్కరి కన్నూ అక్కడికే పోతుంది. నేల టైల్స్ రెండడుగులకో జాయింటు ఉంటుంది. గ్రానైట్ పట్టీలు పొడుగు ముక్కలు కాబట్టి జాయింట్లు తక్కువే వస్తాయి. అవి వచ్చినచోట నేల జాయింటుకి సూటిగా కలిసేలా చూడండి, లేదా టైల్ సరిగ్గా మధ్యకి వచ్చేలా చూడండి. అర అంగుళం తేడాతో పడితే పని తెలియనివాళ్లు చేసినట్టు ఉంటుంది. అందుకే అంటించే ముందు ముక్కలన్నీ గోడల వెంట ఊరికే పేర్చి చూడమని మేస్త్రీకి చెప్పండి. చిన్న ముక్కలు తలుపు పక్కన కాకుండా సోఫా, బీరువా వెనక వచ్చేలా అప్పుడే సర్దుకోవచ్చు.

లోపలి మూలల్లో ఒక పట్టీ గోడ దాకా పోయి, రెండోది దానికి ఆనితే చాలు. వంటింటి దారి దగ్గర బయటికి వచ్చే మూలలు ఉంటాయి కదా, అక్కడ రెండు ముక్కలూ 45 డిగ్రీలకి కోసి కలపాలి. అంచుని కత్తిలా పదునుగా కోస్తే పెచ్చు లేస్తుంది, పిల్లల కాళ్లకి గీసుకుంటుంది. ఒక మిల్లీమీటరు మందం మిగిల్చి కోసి, ఎపాక్సీ అనే గట్టి జిగురుతో కలిపి, మూలని పాలిష్ రాయితో కొద్దిగా గుండ్రంగా రుద్దించండి. గోడ మూలలు సరిగ్గా 90 డిగ్రీలు ఉండటం అరుదు, కాబట్టి ఈ మూలల్ని యార్డులో కాకుండా మీ ఇంటి దగ్గర కొలిచి కోయాలి. కోత ఆరుబయట, నీళ్లు పోస్తూ చేయించండి. గ్రానైట్ పొడిలో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. కోసే కుర్రాడికి మాస్కు, కళ్లజోడు మీరే కొని ఇవ్వండి, వాళ్లు అడగరు.

ద్వారబంధాల దగ్గర పట్టీ చెక్క కంటే ముందుకు వస్తే చివరి అంగుళాన్ని ఏటవాలుగా అరగదీయించాలి, లేకపోతే చీర కుచ్చిళ్లు, మాప్ దానికి తగులుకుంటాయి. చెక్కకీ రాయికీ మధ్య 2 మిల్లీమీటర్లు వదలండి, వానాకాలంలో టేకు ఉబ్బుతుంది. తలుపు పూర్తిగా తెరిచినప్పుడు పట్టీకి తగులుతుందేమో అంటించకముందే చూసుకోండి.

పట్టీ అంటించి ఒక రోజు గడిచాక జాయింట్లు. ముక్కకీ ముక్కకీ మధ్య రాయి రంగు గ్రౌట్ వేస్తే సరిపోతుంది. కింద, నేల టైల్‌కీ పట్టీకీ మధ్య ఉన్న 2 మిల్లీమీటర్లలో మాత్రం గ్రౌట్ కానీ వైట్ సిమెంటు కానీ వేయకూడదు. అక్కడ సాగే సీలెంట్ కావాలి. సిలికాన్ కొంటే ట్యూబు మీద న్యూట్రల్ అని ఉందో లేదో చూడండి. వెనిగర్ వాసన వచ్చే చౌక రకం రాయికి పడదు, అంచుల్లో మరక దిగుతుంది. పైనా కిందా మాస్కింగ్ టేపు అంటించి, సీలెంట్ నింపి, తడి వేలితో ఒక్కసారి లాగి, ఆరకముందే టేపు తీసేస్తే గీత గీసినట్టు వస్తుంది. పైన, పట్టీకీ గోడకీ మధ్య సందుకి సిలికాన్ వాడొద్దు, దాని మీద రంగు పట్టదు. అక్కడ యాక్రిలిక్ సీలెంట్ వేయించండి, ఆరాక దాని మీద రంగు వేసుకోవచ్చు.

రంగుల వాళ్ల పనితో దీన్ని ఎలా కలపాలంటే: స్కర్టింగ్ ముందు, దాని తర్వాత లప్పం, ప్రైమర్, ఒక కోటు రంగు, ఆ పైన యాక్రిలిక్ సీలెంట్, చివరి కోటు అన్నిటికంటే ఆఖర్న. ముందే రంగులు పూర్తి చేసి స్కర్టింగ్ వేయిస్తే గోడల మీద సిమెంటు చేతి ముద్రలు పడి మళ్లీ రంగు వేయాల్సి వస్తుంది. రంగుల మేస్త్రీ తొందరపెట్టినా ఈ వరస మార్చకండి. పట్టీ అంటించాక రెండు రోజులు తడిగుడ్డ పెట్టొద్దు, నీళ్లు పోసి కడగడం వారం తర్వాతే.

కూలీ ఇలాంటి పనికి రన్నింగ్ ఫుట్ లెక్కన మాట్లాడతారు. ఆ రేటులో పాత స్కర్టింగ్ తీయడం, చెత్త పారబోయడం, 45 డిగ్రీల మూలలు, సీలెంట్ ఉన్నాయో లేదో ముందే తేల్చుకుని ఒక కాగితం మీద రాసుకోండి. మధ్యలో గొడవలన్నీ ఈ నాలుగింటి దగ్గరే వస్తాయి.

ఇక బాత్రూమ్ వైపు గోడ. ఇది స్కర్టింగ్ సమస్య కాదు, చెమ్మ సమస్య. ఈ గోడని మాత్రం ఇప్పుడు ముట్టుకోవద్దు. రంగు పెచ్చులు ఊడినచోట తెల్లటి పొడి, ఉప్పులాంటిది కనిపిస్తే గోడలో నీరు తిరుగుతోందని అర్థం. దాని మీద గ్రానైట్ అంటిస్తే నీరు పోయే దారి మూసుకుని మరో అడుగు పైకి పాకుతుంది, పట్టీ కూడా నిలవదు. ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఊడిన రంగు గీకేసి, రెండడుగుల చదరపు ప్లాస్టిక్ షీటుని గోడకి నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి రెండు రోజులు వదిలేయండి. షీటు లోపలి వైపు, అంటే గోడ వైపు, నీటి చుక్కలు పడితే చెమ్మ గోడలోంచి వస్తోంది. బయటి వైపు తడి ఉంటే అది గాలిలో తేమ మాత్రమే.

లోపలి వైపు తడి ఉంటే నీరు బాత్రూమ్ నుంచా, పునాది నుంచా అన్నది తేల్చాలి. వీలైతే ఆ బాత్రూమ్‌ని కొన్ని రోజులు వాడకుండా, దాని లైన్ వాల్వు కట్టేసి ఉంచండి. గోడ ఆరడం మొదలుపెడితే పైపు లీకో, బాత్రూమ్ టైల్స్ జాయింట్లలోంచి దిగే నీరో కారణం. ప్లంబర్‌తో పని పూర్తయ్యాక ఉప్పు పట్టిన ప్లాస్టరింగ్‌ని మరక కంటే ఒక అడుగు పైదాకా కొట్టించి, గోడని బాగా ఆరనిచ్చి కొత్తగా చేయించాలి. ఉప్పు పట్టిన పాత ప్లాస్టరింగ్ మీద ఏ వాటర్‌ప్రూఫ్ రంగూ నిలవదు. అసలు ఆరకపోతే, బయటి గోడల వెంట కూడా అదే ఎత్తున చెమ్మ ఉంటే, నీరు పునాది నుంచి ఎక్కుతోంది. దానికి మందు వేరు, అది రాతలో చెప్పేది కాదు, గోడ చూసిన ఇంజినీరే చెప్పాలి.

కాబట్టి మిగతా మూడు గోడలూ ఇప్పుడు పూర్తి చేసుకోండి. నాలుగో గోడకి కావలసిన పట్టీలు కూడా ఇప్పుడే, అదే రాయి నుంచి కోయించి దాచండి. ఆ గోడ పక్కన సందులో ఫోమ్ తాడు కూడా పెట్టొద్దు, గోడ ఆరాకే. ప్లాస్టిక్ షీటు ఏ వైపు తడిసిందో, బయటి గోడల కింద ఎంత ఎత్తున మరక ఉందో కొలిచి నాకు రాయండి. వీలైతే ఆ గోడకి అవతలి వైపు బాత్రూమ్ టైల్స్ జాయింట్లు ఎలా ఉన్నాయో కూడా చూసి చెప్పండి.